కోతమిల్లు ఎదురిల్లు

మా మేనత్తను వీధిలో అందరూ ట్రయలక్క అనేవారు. చేతికొచ్చిన ఏ బట్టనైనా ముందు వదులుగా కచ్చాకుట్టు వేసి, మనిషి ఒంటి మీద తొడిగి చూస్తేగాని ఆవిడ అసలు కుట్టు మొదలుపెట్టేది కాదు. చూడటమంటే అద్దం ముందు నిలబెట్టి చూడటం కాదు.

"నిలబడితే గోనెసంచి కూడా అందంగానే ఉంటుంది. కూర్చోండి. చేతులెత్తండి. ఇప్పుడు జారిపోయిన చెప్పు తీసుకుంటున్నట్టు వంగండి."

కొత్త కోటు కోసం వచ్చిన పెద్దమనిషి ఆ ఇరుకు గదిలో గుంజీళ్ళు తీస్తున్నట్టు లేస్తూ కూర్చుంటూ ఉంటే, వెనక వరసలో ఉన్నవాళ్ళు నవ్వాపుకోలేక గోడవైపు తిరిగేవాళ్ళు. కాసేపటికి వాళ్ళ వంతూ వచ్చేది.

ఆ గది మూడో అంతస్తులో, వెనకవైపు. కిటికీ తీస్తే పక్క భవనం గోడ, చెయ్యి చాపితే అందేంత దగ్గర. మధ్యాహ్నం ఒక్కసారి ఆ గోడ మీదనుంచి చారెడు ఎండ జారిపడి, కటింగ్ బల్ల మూలను తాకి, ఇల్లు తప్పి వచ్చిన చుట్టంలా వెంటనే వెళ్ళిపోయేది. మిగతా పగలంతా ట్యూబులైటే. కింద బస్సుల హారన్లు, పైన నీళ్ళ మోటారు, మధ్యలో అత్త మిషన్. నేను పుట్టకముందు నుంచీ ఆవిడ ఆ మోతలోనే కుట్టింది, ఆ మోతలోనే అన్నం తిన్నది, ఆ మోత మీదే తల పెట్టుకుని నిద్రపోయింది.

అత్తకు పెళ్ళయింది. మా ఇంట్లో ఆ సంగతిని విరిగిన మెట్టును దాటినట్టు దాటేసేవాళ్ళు. ఆయన తాగుబోతు కాదు, చెయ్యెత్తిన మనిషీ కాదు. తను ఇంట్లో లేనప్పుడు భార్య మిషన్ తొక్కడం ఆయనకు నచ్చేది కాదు. అందుకని మిషన్ మూతకు తాళం వేసి, చెవి జేబులో వేసుకుని పనికి వెళ్ళేవాడు. సాయంత్రం వచ్చి, దానం చేస్తున్నట్టు తాళం తీసేవాడు. ఒకరోజు అత్త ఆ మిషన్‌ని తాళంతో సహా బండెక్కించుకుని నగరానికి వచ్చేసింది. దిగగానే చేసిన మొదటి పని తాళాలు బాగుచేసేవాణ్ణి వెతుక్కోవడం.

నగరం ఆవిడను ఏమీ అడగలేదు. ఎవరి గోల వాళ్ళది. అలా ఏళ్ళు గడిచాయి. అంతలో రోడ్డు వెడల్పు చేస్తామని, ఆ భవనాన్ని కూల్చేస్తామని కబురొచ్చింది. పక్క గదులవాళ్ళంతా నగరంలోనే వేరే గదులు వెతుక్కున్నారు. అత్త మాత్రం అరవై దాటిన వయసులో, "ఇంకో గోడకెదురుగా కూర్చోడానికి నేనేం నేరం చేశాను? పల్లెకు పోతా," అంది.

"ఏ పల్లెకు?" అన్నాడు నాన్న.

"ఏమో. ట్రయల్ చూసి చెబుతా."

నాన్న ఆవిడకు తమ్ముడు. ఏ పనికైనా ముందు నలుగురి అభిప్రాయం తెలుసుకుని, వాళ్ళు సరేనన్నాక, ఆ పని తనకే తట్టినట్టు మొదలుపెట్టే మనిషి. తనే ఒక ఊరు చూశాడు, ఇల్లు మాట్లాడాడు. కాలవ గట్టున పెంకుటిల్లు, పక్కనే ఇంటివాళ్ళు. ఇంటాయన హెడ్మాస్టరు చేసి దిగిపోయిన మనిషి, మర్యాదస్తుడు. అన్నీ చెప్పాక, చెయ్యి కడుక్కుంటూ, వెనక్కి తిరక్కుండానే ఆ మాట అన్నాడు.

"ఒక్కటే అక్కా. అక్కడ ఎవరన్నా అడిగితే పోయాడని చెప్పు."

"ఎవరు?"

"ఎవరేంటి, బావగారు."

"బతికున్న మనిషినా?"

"బతికున్నాడని నువ్వు చూశావా?"

"పోయాడని నువ్వు చూశావా? పోనీ వెళ్ళి మోశావా?"

అమ్మ మధ్యలోకి వచ్చింది. "ఊరుకోండి వదినా. ఏదో మాటవరసకి అంటున్నారు. పల్లెటూళ్ళు కదా, ఒంటరి ఆడమనిషంటే సవాలక్ష అడుగుతారు. ఆ ఒక్క మాటతో అందరి నోళ్ళూ మూతపడతాయి."

"మాటవరసకి మనుషుల్ని చంపేస్తారటమ్మా? నేనాయన్ని వదిలేశాను. చంపలేదు. చేసినదానికి పేరు పెట్టుకుంటా గాని, చెయ్యనిది నెత్తిన వేసుకోను."

"నీ పంతం నీదేగా," అన్నాడు నాన్న తువ్వాలు విసురుగా దండెం మీద వేస్తూ.

"ఒరేయ్, నీ మొదటి లాగూ కుట్టినదాన్ని. నా పంతం నీ నడుం చుట్టూ ఇంకా ఉంది," అంది అత్త.

ఇంటికి కూడా ట్రయల్ చూస్తానంటే హెడ్మాస్టరు గారు ఫోనులోనే నవ్వి, వారం రోజులు ఉండి చూసుకోమన్నారట. నాకు సెలవులు దొరికాయి. కారు వెనకసీట్లో మిషన్, స్టీరింగ్ దగ్గర నేను, పక్కన అత్త, మా ఇద్దరి మధ్యా ఆవిడ కొలతలు చూసుకునే తలలేని గుడ్డబొమ్మ. దారి పొడుగునా మలుపు తిరిగినప్పుడల్లా ఆ బొమ్మ నా భుజం మీద వాలిపోతూ వచ్చింది.

ఆ ఇంటి వెలుతురు సంగతి నేను చెప్పలేను. పొద్దున్నే కాలవలోంచి లేచి, కిటికీ గుండా వచ్చి, గదిలో నాలుగు గోడలకూ తడితడిగా వేలాడేది. అత్త సూదిలో దారం ఎక్కించి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, నల్లబట్ట మీద నల్లదారంతో కుట్టింది. కుట్టి, నా వైపు చూసి, చిన్నపిల్లలా నవ్వింది. అంతకుముందు ఆవిడ పళ్ళు అన్నీ ఒకేసారి నేను చూడలేదు.

నిశ్శబ్దం కూడా అంతే. ఆకు రాలితే ఏ చెట్టుదో చెప్పవచ్చు.

మర్నాడు హెడ్మాస్టరు గారి భార్య వచ్చింది. అత్త అప్పుడే బొమ్మకు గౌను తొడిగి మడతలు పెడుతోంది. నోట్లో, రెండు పెదాల మధ్య, వరసగా గుండుసూదులు. పనిలో ఉన్నప్పుడు ఆవిడ చెయ్యి సూదుల పెట్టె కోసం వెతుక్కోదు, నోరే పెట్టె. హెడ్మాస్టరు గారి భార్య లోపలికి వస్తూనే అత్త చెయ్యి పట్టుకుంది.

"మీ తమ్ముడుగారు ఫోనులో చెప్పారమ్మా. ఎన్నాళ్ళయింది ఆయన పోయి?"

అత్త కళ్ళు పెద్దవయ్యాయి. నోరు తెరిస్తే సూదులు గొంతులోకి. ఒక్కొక్కటే తీసి జాకెట్టుకు గుచ్చుకోవడం మొదలుపెట్టింది. గుచ్చిన బలానికి ఒక సూది వంగిపోయింది. అది కోపమని నాకు తెలుసు. వచ్చినావిడ ఇంకోలా అనుకుంది.

"వద్దులే, వద్దులేమ్మా. నోట మాట రావట్లేదు పాపం. నేను అడగకూడదు," అని కొంగుతో కళ్ళొత్తుకుని, చివరి సూది బయటికి వచ్చేలోపే వెళ్ళిపోయింది.

"చూశావా మీ నాన్న చేసిన పని," అంది అత్త.

"వెళ్ళి చెప్పెయ్యి అత్తా."

"చెబుతా."

కానీ వెంటనే చెప్పలేదు. ఆ రోజు సాయంత్రం ఒకరు పిల్లల గౌన్లు తెచ్చారు, ఇంకొకరు దిండు గలీబులు. అందరూ మెత్తగా మాట్లాడారు. అందరి చూపుల్లోనూ జాలి ఉంది, వెచ్చటి దుప్పటిలా. ఆ దుప్పటి కింద అత్త రెండు రోజులు కదలకుండా ఉంది. ఆ అబద్ధంతోనే ఉండిపోతుందేమోనని నాకు భయం వేసింది. వెలుతురు అంత బాగుంది మరి.

హెడ్మాస్టరు గారి భార్య మళ్ళీ వచ్చింది. ఈసారి కుర్చీ లాక్కుని కూర్చుని, "బాధపడకమ్మా. పోయినవాళ్ళు పైనుంచి మనల్ని చూస్తూనే ఉంటారు," అంది.

అత్త మిషన్ ఆపింది. "పైనుంచి ఎందుకు చూస్తాడండీ? ఎక్కడో కిందే ఉన్నాడు. బతికే ఉంటాడు, ఆయనకేం రోగం. నా మిషన్‌కి తాళం వేసి చెవి పట్టుకుపోతుంటే నేనే వదిలేసి వచ్చాను."

ఎవరూ గొడవ పెట్టుకోలేదు. పెట్టుకున్నా బాగుండేది. హెడ్మాస్టరు గారు మునుపటిలాగే నమస్కారం పెట్టారు, కాకపోతే ఇంకాస్త దూరం నుంచి. గలీబులు ఇచ్చినావిడ వచ్చి, "తొందరేం లేదండీ, మళ్ళీ ఇస్తాలెండి," అని గుడ్డ వెనక్కి పట్టుకుపోయింది. ఇక కాలవ మెట్ల మీదనుంచి గుసగుసలు మొదలయ్యాయి. ఆ నిశ్శబ్దంలో గుసగుసకు నడకే అక్కర్లేదు. నీళ్ళ మీద తేలి, కిటికీ ఎక్కి, నేరుగా మిషన్ మీదికే వచ్చి కూర్చునేది. తాళం, చెవి, మగాడు, ఇన్నేళ్ళు, ఒక్కత్తే, ఏం చేసి బతికిందో. అత్త తల ఎత్తేసరికి మెట్ల మీద అందరూ నవ్వుముఖాలతో ఉండేవాళ్ళు.

వారం నిండకముందే ఆవిడ బొమ్మను చంకన పెట్టుకుంది. "బయల్దేరవే. భుజాలు సరిపోయాయి, పొడుగు సరిపోయింది. చంక దగ్గర పట్టేస్తోంది."

"పోనీ లూజు చేయించుకోవచ్చుగా? కొన్నాళ్ళకి వాళ్ళే మర్చిపోతారు."

"కుట్టు లోపల కాస్త గుడ్డ వదిలి ఉంటే లూజు చెయ్యొచ్చు. వీళ్ళు లోపల ఏమీ వదల్లేదు."

నాన్న ఫోనులో గెలిచిన గొంతుతో మాట్లాడాడు. నేను చెప్పలేదా అన్నాడు. మా ఇంటి వెనక గది ఖాళీగానే ఉందిగా, వచ్చి నోరు మూసుకుని పడి ఉండమను అన్నాడు. ఫోను స్పీకరులో ఉందని ఆయనకు తెలియదు. 

దారిలో రెండు రోడ్లు కలిసే చోట టీ తాగడానికి ఆగాం. ఎదురుగా కోతమిల్లు. చెట్ల దుంగలు కొండలా పేర్చి ఉన్నాయి. గాలి కూడా రంపపు పొట్టు రంగులోనే ఉంది. పెద్ద రంపం దుంగలోకి దిగినప్పుడల్లా ఆకాశాన్ని ఎవరో నిలువునా చింపుతున్నట్టు మోత. కారు తలుపు వేస్తే వేసిన చప్పుడు వినపడలేదు, వేళ్ళకు తెలిసిందంతే.

టీకొట్టావిడ మాతో ఏదో అంటోంది. రంపం మొదలైంది. ఆవిడ నోరు మూసి, వేలు పైకెత్తి, ఆగమన్నట్టు నిలబడింది. రంపం ఆగింది. ఆవిడ ఎక్కడ ఆపిందో అక్కణ్ణుంచే అందుకుంది: "...లం వేయమంటారా, వద్దా?"

"ఏంటీ?"

"అల్లం!"

అప్పుడు గమనించాం. దుంగ మారే ఆ కాస్త సందులో వీధి వీధంతా ఒక్కసారి మాట్లాడుతుంది. సైకిలు షాపులో బేరం, పక్కింట్లో పిల్లాడికి తిట్లు, గుమ్మాల మీదుగా కుశలాలు, అన్నీ కలిసి పావురాల గుంపులా లేస్తాయి. రంపం దిగగానే అన్నీ వాలిపోతాయి. ముఖ్యమైన మాటైతే, "దుంగ మారనీ, చెప్తా," అంటారు. ఏళ్ళ తరబడి ఆ అలవాటుతో, మోత లేనప్పుడు కూడా ఎవరి గొంతూ తగ్గదు. ఇద్దరు ఆడవాళ్ళు మూడో మనిషి గురించి చెప్పుకుంటున్నారు. ఆ మూడో ఆవిడ అవతలి గుమ్మంలో నిలబడి, "అంతలేదులే, తగ్గించి చెప్పు!" అని అరుస్తోంది.

అత్త గ్లాసు పట్టుకుని అలా చూస్తూ ఉంది. టీ చల్లారిపోయింది.

కొట్టు పక్కన ఒక ఇల్లు. ముందు షట్టరు, రేకుల పందిరి, షట్టరు మీద సుద్దముక్కతో 'అద్దెకు' అని రాసి ఉంది. ఇల్లు కోతమేస్త్రీదే. రంపం దగ్గరనుంచి పొట్టు దులుపుకుంటూ వచ్చి తాళం తీశాడు. వెనక తలుపు తీస్తే పొలాలు, చూపు అలిసేదాకా పచ్చగా. ముందు తలుపు తీస్తే రంపం.

"పల్లె కావాలన్నావు, ఇదేంటత్తా?" అన్నాను. "దీనికన్నా నగరమే నయం."

"నగరంలో మోత మనుషుల్ని దాచేస్తుందే. ఇక్కడ మోత మనుషుల చేత అరిపిస్తోంది. ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారో వినపడుతోందా?"

"ఊరందరికీ వినపడుతోంది."

"అదీ."

మధ్యాహ్నమంతా అక్కడే కూర్చుంది. తిరగేసిన పెట్టె మీద కూర్చుని ఒక జేబురుమాలు అంచు మడిచి కుట్టింది. లేచింది, చేతులెత్తింది, వంగింది.

"ఏమ్మా, నడుం పట్టేసిందా?" అని అరిచాడు మేస్త్రీ.

"లేదు! ఇల్లు పట్టేస్తుందేమోనని చూస్తున్నా!"

ఆయనకు అర్థం కాలేదు. అయినా తల ఊపాడు. టీకొట్టావిడ ఖాళీ గ్లాసులు తీసుకుంటూ, "ఒక్కరేనా? ఇంటాయన?" అని అడిగింది. అత్త నోరు తెరిచేలోపు రంపం దిగింది. ఆవిడ వేలెత్తి కాసేపు ఆగింది గాని, అవతల ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది.

"సామానుతో వచ్చాక చెబుతా," అంది అత్త నాతో. "నా నోటితో నేనే. ఈసారి నోట్లో సూదులుండవు."

సామాను దింపే రోజు నాన్న కూడా వచ్చాడు.  ఆ రోడ్డు, ఆ రేకులు, ఆ పొట్టు చూసి కారులోనే తల పట్టుకున్నాడు. దిగి, నేనూ అత్తా మిషన్ దింపుతుండగా మిల్లులోకి వెళ్ళి మేస్త్రీతో ఏదో మాట్లాడి వచ్చాడు. ఆయన ముఖంలో ఒక నిశ్చింత. ఆ నిశ్చింతను అత్త గుర్తుపట్టింది.

"ఏం చెప్పొచ్చావురా?"

రంపం దిగింది. నాన్న ఏదో అన్నాడు. అత్త చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. నాన్న ఇంకాస్త గట్టిగా అన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆయనకు కోపం వచ్చింది. మెడ నరాలు బిగించి, ఆ మోతకు పైన వినపడేలా, బలమంతా కూడదీసుకుని అరిచాడు. సరిగ్గా అప్పుడే దుంగ అయిపోయింది.

"...పోయాడనే చెప్పాను! మొగుణ్ణి వదిలేసి వచ్చినదానివని తెలిస్తే ఈ వీధిలో ఒక్కరు నీ గుమ్మం తొక్కరు!"

 ఎప్పుడూ వీధి మాటలన్నీ కలిసి లేచే ఆ సందులో, ఆయన మాట ఒక్కటే నడిరోడ్డు మీద నిలబడింది. సైకిలు షాపులో పంపు కొడుతున్న చెయ్యి ఆగింది. టీకొట్టావిడ టీ వడగట్టే జల్లెడ గాల్లోనే పట్టుకుంది. మేస్త్రీ మిల్లులోంచి బయటికి వచ్చి, నాన్నను చూశాడు, అత్తను చూశాడు.  నాన్న నోరు ఇంకా తెరిచే ఉంది.

అత్త మిషన్‌ను నెమ్మదిగా నేల మీద పెట్టి, పందిరి కిందనుంచి రోడ్డు మీదికి వచ్చింది.

"మా తమ్ముడు చెప్పిన రెండో మాట నిజం," అంది అందరికీ వినపడేలా. "మొదటిది అబద్ధం. ఆయన పోలేదు. నా మిషన్‌కి తాళం వేశాడు. నేను వచ్చేశా. మళ్ళీ వెళ్ళలేదు. కుట్టుకుని బతికా, ఇక్కడా కుట్టుకునే బతుకుతా. ఇంకేమన్నా అడగాలంటే ఇప్పుడే అడగండి, దుంగ ఎక్కేలోపు."

ఎదురు వరసలో, మిల్లు గేటు పక్కింట్లో, ఒక ముసలావిడ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు అందరికీ వినపడింది.

టీకొట్టావిడ ముందుగా తేరుకుంది. "ఆ తాళం ఐడియా బాగుందే," అని, పక్కన పాలు కాస్తున్న మొగుడివైపు చూసింది. "ఈయనకే వెయ్యాలి, నోటికి."

"నేనేమన్నానే?"

"ఇంకా అనలేదు. అందుకే ఇప్పుడే చెప్తున్నా."

ఎవరో నవ్వారు. అందరూ కాదు. అత్త మేస్త్రీవైపు తిరిగింది. ఇల్లు ఆయనది. ఆయన కాదంటే సామాను మళ్ళీ బండెక్కాలి, ఈసారి ఎక్కడికో తెలియదు. మా ఇంటి వెనక గది తప్ప.

"ఏమంటారు?" అంది.

మేస్త్రీ తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "ఆ తలుపేసుకున్నది మా అత్తగారు," అన్నాడు చివరికి.

"తలుపు ఆవిడది. మీ మాట అడుగుతున్నా."

"నాకు ఇందాక ఒక మాట చెప్పారు, ఇప్పుడొక మాట చెప్పారు," అంటూ నాన్నను ఓరగా చూశాడు. "నాకు మనిషి మాట మార్చడం నచ్చదు. మీరు మార్చలేదు. కుట్టే మనిషికిస్తానన్నా, ఇస్తా. మా అత్తగారి సంగతి మాత్రం నా చేతిలో లేదు. ఆవిడ వారం రోజులు నాకు అన్నం కూడా సరిగ్గా పెట్టదు."

"నా సంగతి కూడా మా తమ్ముడి చేతిలో లేదు. ఆవిడతో నేను చూసుకుంటా."

"చూసుకోండి, మీకు పుణ్యముంటుంది," అని లోపలికి తిరిగి, "ఒరే, దుంగ పెట్టండ్రా!" అని అరిచాడు.

రంపం మళ్ళీ ఆకాశాన్ని అందుకుంది. నాన్న చుట్టిన పరుపు మీద కూలబడ్డాడు. ఏదో అంటున్నాడు, పెదాలు కదులుతున్నాయి. పరువు అనో, నీ మంచికే అనో. అత్త వినపడనట్టు ఊరుకోలేదు. దగ్గరకు వెళ్ళి, వంగి, ఆయన చెవిలో నోరు పెట్టి అరిచింది. "దుంగ మారాక చెప్పు! అందరూ వింటారు!"

ఆయన నోరు మూసుకున్నాడు.

ఇక కటింగ్ బల్ల ఒక్కటే మిగిలింది. టేకు బల్ల, ఇద్దరు మోస్తేగాని కదలదు. అత్త ఒక చివర పట్టుకుని తమ్ముడివైపు చూసింది. పిలవలేదు. ఆయన లేచి వచ్చి రెండో చివర ఎత్తాడు. గుమ్మం వైపు నడవబోతే ఆవిడ గడ్డంతో బయటికే చూపించింది. పందిరి కింద, రోడ్డు వారగా.

నాన్న కళ్ళతోనే అడిగాడు, లోపల ఇంత చోటుండగా ఇక్కడెందుకని.

 అత్త బల్లను అటు జరిపి, ఇటు జరిపి, ఒక కన్ను మూసి చూసుకుని, ఇంకాస్త ఎడమకు లాగించింది. ఆ మూసుకున్న తలుపుకు సూటిగా ఎదురుగా వచ్చేదాకా లాగించింది. తర్వాత కుర్చీ వేసుకుని, ఇంటికి వీపు పెట్టి, తలుపుకు ముఖం పెట్టి కూర్చుని, కత్తెర తీసింది.